ఐదు పూలా బిళ్ళ మీద పువ్వు లేదు, గొంగళి పురుగు ఉంది! బోట్స్వానా గుర్తుల సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

చిల్లర_డబ్బా
అందరికీ నమస్తే. మా బాబాయి కొడుకు బోట్స్వానాలో పని చేస్తాడు. మొన్న సెలవుకి వస్తూ మా పాపకి గుప్పెడు చిల్లర తెచ్చిచ్చాడు. అందులో ఒక బిళ్ళ మన పది రూపాయల బిళ్ళలాగే రెండు రంగుల లోహం. దాని మీద ఏం రాసుందో చదివి "ఐదు పూలా" అన్నాను. అంతే, ఏడేళ్ళ పిల్ల దాన్ని తిప్పి తిప్పి చూసి "పూలు ఎక్కడున్నాయి నాన్నా?" అని పట్టుకుంది. పువ్వు లేదు. భూతద్దం పెట్టి చూస్తే కొమ్మ మీద లావుపాటి గొంగళి పురుగు! డబ్బు మీద పురుగు బొమ్మ వేసుకునే దేశం కూడా ఉంటుందా అనిపించింది. రెండో వైపు రెండు జీబ్రాలు వెనక కాళ్ళ మీద నిలబడి ఒక డాలుని పట్టుకుని ఉన్నాయి. డాలు మీద మిషన్లలో ఉండేలాంటి పళ్ళ చక్రాలు, అలలు, ఎద్దు తల. కింద పట్టీ మీద మళ్ళీ అదే పూలా. మా తమ్ముణ్ణి అడిగితే "నేను లెక్కపెట్టుకున్నాను గానీ బొమ్మలు చూళ్ళేదన్నా" అన్నాడు. వీటి కథ ఎవరికైనా తెలుసా?

క్విజ్_మాస్టారు
బోట్స్వానా, రాజధాని గబరోనె, 1966 సెప్టెంబర్ 30న స్వాతంత్ర్యం, అంతకుముందు పేరు బెచువానాలాండ్. కరెన్సీ పూలా, అందులో నూరో వంతు థెబె. జాతీయ జంతువు జీబ్రా. జాతీయ పక్షి లైలాక్ రొమ్ము రోలర్, అంటే మన పాలపిట్టకి వరసైన పక్షి. పూలా అంటే వాన. పురుగు సంగతి నాకు తెలియదు బాబూ.

అనంత_సీమ
ఆగండాగండి. డబ్బు పేరు వానా? అంటే కిలో ఉల్లిగడ్డలు పది వానలు అంటారా వాళ్ళు?

గబరోనె_బావ
అంటారు 😀 అలాగే అంటారు. నేను పదకొండేళ్ళ నుంచి ఇక్కడే, అకౌంట్స్ పని. సొంతూరు తెనాలి. ఈ థ్రెడ్ నాకోసమే పెట్టినట్టుంది కాబట్టి తీరిగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పూలా అంటే సెత్స్వానా భాషలో వాన. అదే ఆశీర్వాదం, అదే జేజేలు, అదే డబ్బు, అదే రాజముద్ర మీద ఉన్న ఒకే ఒక్క మాట. చాలా దేశాల ముద్రల కింద 'ఐక్యత, న్యాయం, పురోగతి' అని మూడు ముక్కలు ఉంటాయి చూడండి, వీళ్ళు ఒక్క 'వాన' తో సరిపెట్టారు. ఇక్కడ ఊరి రచ్చబండని ఖోట్ల అంటారు. అక్కడ మీటింగ్ అయ్యాక పెద్దాయన లేచి "పూలా!" అని అరిస్తే జనమంతా "పూలా!" అని అందుకుంటారు. ప్రెసిడెంట్ ఉపన్యాసం చివర కూడా అంతే. నేను వచ్చిన కొత్తలో ఆఫీసులో ఎవరికో ప్రమోషన్ వస్తే అందరూ పూలా పూలా అంటున్నారు, డబ్బు కోసం ఇంత బాహాటంగా అరుస్తారేంట్రా అనుకున్నాను. వానని పిలుస్తున్నారని ఆర్నెల్లకి గానీ అర్థం కాలేదు.

1976 దాకా వీళ్ళు వాడింది దక్షిణాఫ్రికా రాండ్. ఆ ఏడాది ఆగస్టు 23న సొంత డబ్బు తెచ్చుకున్నారు. పేరు కోసం జనాన్నే అడిగారు. థెబె అంటే డాలు. చిల్లర డాలు, పెద్ద డబ్బు వాన. ఇప్పుడు ఒక పూలా మన లెక్కలో సుమారు ఆరు రూపాయలు, అంటే పాప చేతిలో ఉన్నది ముప్పై రూపాయల బిళ్ళ, జాగ్రత్తగా దాచమనండి.

అనంత_సీమ
బావా, అక్కడ వాన ఎంత పడుతుంది? మా అనంతపురంలో ఏడాదికి 550 మి.మీ. అటూ ఇటూ. అది కూడా కాయితం మీద. అవసరమైనప్పుడు ఒక్క చుక్క రాలదు, వేరుశెనగ పీకాక దంచుతుంది.

గబరోనె_బావ
చాలాచోట్ల మీకంటే తక్కువ అన్నా. ఉత్తరాన చోబె వైపు 650 దాకా పడుతుంది, నైరుతిలో కలహారి వైపు 250 కూడా కష్టం. ఇక్కడితో పోలిస్తే మీ అనంతపురం పచ్చగా ఉన్నట్టే లెక్క. స్వాతంత్ర్యం వచ్చేనాటికి కూడా ఏళ్ళ తరబడి కరువు, పశువులు లక్షల్లో చచ్చాయి. ఆ రోజుల్లో కూర్చుని ముద్ర గీసుకున్నవాళ్ళు కింద ఇంకేం రాస్తారు చెప్పండి.

అనంత_సీమ
మా తాత ఉంటే ఈ దేశానికి వీసా లేకుండా వెళ్ళిపోయేవాడు. ఆయన ఉత్తరం రాస్తే 'ఇక్కడ వానలు లేవు, మీ దగ్గర ఎలా ఉన్నాయి' అనేదే మొదటి వాక్యం, మా క్షేమం ఆ తర్వాతే.

జెండా_పిచ్చోడు
జెండా గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను దిగుతున్నా. ఆఫ్రికా జెండాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇథియోపియా నుంచి ఘనా అందుకున్న ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు ఎన్ని దేశాల్లో ఉన్నాయో లెక్కపెట్టలేం. బోట్స్వానా జెండాలో ఆ మూడింటిలో ఒక్కటీ లేదు. లేత నీలం, మధ్యలో అడ్డంగా నల్ల పట్టీ, దానికి పైనా కిందా సన్నటి తెల్ల గీతలు. అంతే. నీలం అంటే నీళ్ళు, ఆ నీళ్ళిచ్చే ఆకాశం. నలుపు తెలుపు అంటే నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి బతకడం, జీబ్రా చారలు కూడా అదే. 'అందరూ కలిసి ఉండాలి' అని ప్రతి దేశమూ చెప్తుంది కదా అనుకోవచ్చు. కానీ ఏ సంవత్సరంలో, ఎవరి పక్కన నిలబడి చెప్పారో చూడాలి. 1966లో దక్షిణాఫ్రికాలో అపార్తీడ్ ఉక్కుపాదం. తెల్లవాళ్ళకి ఒక బెంచీ, నల్లవాళ్ళకి ఒక బెంచీ. దక్షిణంగా, తూర్పుగా ఆ దేశమే సరిహద్దు. పడమర నమీబియా కూడా అప్పుడు వాళ్ళ చేతికిందే. ఈశాన్యాన రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో, తెల్ల మైనారిటీ రాజ్యం. దాదాపు నాలుగు వైపులా వాళ్ళే ఉన్నచోట, అది కూడా వాళ్ళ డబ్బే వాడుకుంటూ, నలుపు తెలుపు కలిపి జెండా ఎగరేయడం చిన్న పొగరు కాదు.

జోబర్గ్_అక్క
దానికి ఇంటి కథ కూడా ఉంది. మొదటి ప్రెసిడెంట్ సెరెట్సె ఖామా బంగ్వాటో తెగకి రాజు కావాల్సినవాడు. లండన్‌లో చదువుకుంటూ 1948లో రూత్ విలియమ్స్ అనే ఇంగ్లీషు అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. సరిగ్గా మరుసటి ఏడాది ఇక్కడ దక్షిణాఫ్రికాలో నల్ల తెల్ల పెళ్ళిళ్ళని నిషేధిస్తూ చట్టం వచ్చింది. పక్కింటివాడి పెళ్ళి వీళ్ళకి నిద్ర లేకుండా చేసింది! వీళ్ళ ఒత్తిడికి బ్రిటిష్ వాళ్ళు లొంగి ఆయన్ని సొంత ఊరికి రానివ్వలేదు. 1956లో రాజరికం వదులుకుంటానంటే తిరిగి రానిచ్చారు. పదేళ్ళకి అదే మనిషి దేశాధ్యక్షుడు, అదే రూత్ ప్రథమ మహిళ. ఆ జంట ఎదురుగా ఉంటే నల్ల పట్టీ పక్కన తెల్ల గీత ఎందుకని ఎవరైనా అడుగుతారా?

నేను జొహానెస్‌బర్గ్ నుంచి రోడ్డు మీద గబరోనె వెళ్ళొస్తుంటాను, నాలుగైదు గంటల దారి. బోర్డర్ దాటగానే ఆ నీలం జెండా కనిపిస్తుంది. మండే ఎండలో దాన్ని చూస్తే కూజాలో నీళ్ళు కనపడ్డట్టు ఉంటుంది, అతిశయోక్తి కాదు.

క్విజ్_మాస్టారు
బాగా చెప్పావమ్మా. ఒక చిన్న చేర్పు. ఆ దేశానికి స్వాతంత్ర్యానికి ముందు రాజధాని దేశం లోపల లేదు! పరిపాలన అంతా మాఫెకింగ్ నుంచి జరిగేది, అది దక్షిణాఫ్రికాలో ఉంది. ప్రపంచంలో ఇలాంటిది అరుదు. అందుకే గబరోనెని అరవైల్లో హడావుడిగా కట్టారు.

తిక్కశంకరయ్య
జీబ్రాలు ఎందుకు పెట్టారు? సింహం, ఏనుగు, చిరుత అన్నీ ఉన్న దేశం కదా. జీబ్రా అంటే గడ్డి తిని సింహానికి భోజనమయ్యే జంతువు. జాతీయ జంతువుగా కాస్త పౌరుషం ఉన్నదాన్ని పెట్టుకోవచ్చుగా.

గబరోనె_బావ
ఇది మంచి ప్రశ్న శంకరయ్య గారూ. ఇక్కడ ప్రతి తెగకీ ఒక జంతువు ఉంటుంది, మన గోత్రం లాగా అనుకోండి, కాకపోతే రుషి బదులు జంతువు. దాన్ని సెరెటొ అంటారు. బక్వేనా వాళ్ళది మొసలి, వాళ్ళ పేరే మొసలి వాళ్ళు అని. బంగ్వాటో వాళ్ళది ఫుటి అనే చిన్న జింక. బఖట్ల వాళ్ళది కోతి. బట్లోక్వా వాళ్ళది పుట్టలు తవ్వుకు తినే ఆర్డ్‌వార్క్. మనిషిని గౌరవంగా పలకరించాలంటే ఆ జంతువు పేరుతో పిలుస్తారు. మా ఆఫీసులో ఒక పెద్దావిణ్ణి అందరూ "మొక్వేనా" అంటుంటే అది ఆవిడ పేరనుకున్నాను చాలా రోజులు.

ఇప్పుడు ముద్ర మీద మొసలిని పెడితే మిగతావాళ్ళు ఏమంటారు? ప్రెసిడెంట్ బంగ్వాటో మనిషి, జింకని పెడితే ఇంకేమైనా ఉందా! జీబ్రా పెద్ద తెగల్లో ఎవరిదీ కాదు, అందుకే అందరిదీ అయింది అంటారు ఇక్కడివాళ్ళు. చారల సంగతి సరేసరి. ఫుట్‌బాల్ టీమ్ పేరు కూడా జీబ్రాలే. భాషలో దాన్ని 'పిట్సె' అంటారు, గుర్రానికీ అదే మాట, తేడా చెప్పాలంటే 'అడవి గుర్రం' అంటారు.

తిక్కశంకరయ్య
సరే ఒప్పుకున్నా. మన దగ్గర ఏ కులానికీ చెందని జంతువుని వెతకాలంటే డైనోసార్‌ని తేవాలి.

మోడరేటర్
శంకరయ్య గారూ, నవ్వొచ్చింది గానీ అటు వెళ్ళొద్దు. కులాల మీద పోయిన నెల రెండు థ్రెడ్లు తాళం వేశాను.

చిల్లర_డబ్బా
అద్భుతం అండీ. పాప పక్కనే కూర్చుని వింటోంది. ఒక డౌట్, జీబ్రాల చేతుల్లో, అదే ముందు కాళ్ళలో ఏదో ఉంది. ఎడమ దాని దగ్గర వంకీ తిరిగిన కత్తి లాంటిది, కుడి దాని దగ్గర మొక్క. బిళ్ళ మీద అరిగిపోయి తెలియట్లేదు.

జెండా_పిచ్చోడు
ఎడమ జీబ్రా దగ్గర ఏనుగు దంతం. కుడి జీబ్రా దగ్గర జొన్న కంకి.

అనంత_సీమ
జొన్న కంకా?? నిజంగా? దేశ రాజముద్ర మీద జొన్న కంకి? ఇప్పుడే మా అమ్మకి చూపించాను. "మన జొన్ననే" అంది. ఇంకేం మాట్లాడలేదు గానీ ఫోన్ దగ్గరికి తీసుకుని రెండుసార్లు చూసింది.

గబరోనె_బావ
వరి ఎక్కడ పండుతుందన్నా ఇక్కడ. జొన్నని మబెలె అంటారు. పిండిని గట్టిగా కెలికి బొహొబె చేస్తారు, అచ్చం మీ జొన్న సంగటే. పులియబెట్టి కూడా చేస్తారు. నేను మొదటిసారి తిన్నప్పుడు పక్కన గోంగూర ఉంటే బాగుండు అనిపించింది. వాళ్ళు మాంసం దంచి చేసిన సెస్వా వేసుకుంటారు. పెళ్ళిళ్ళకీ చావులకీ పెద్ద పెద్ద ఇనుప కాళ్ళ కుండల్లో వండుతారు, మగవాళ్ళు మాంసం దంచుతారు.

బడి_పంతులమ్మ
నేను చాలా రోజులుగా చదవడమే, రాయడం లేదు. ఒక ప్రశ్న. బోట్స్వానా అంటే వజ్రాలు అని మా సోషల్ పుస్తకంలో పాఠం చెప్తాం. ఇంతసేపు ముద్ర గురించి చెప్పారు, అందులో వజ్రం ఎక్కడ? డాలు మీద లేదు, జెండాలో లేదు, నాణెం మీద లేదు.

జెండా_పిచ్చోడు
టీచర్ గారూ, అసలు పాయింట్ పట్టుకున్నారు. వజ్రం లేదు, ఎందుకంటే ముద్ర గీసేనాటికి అక్కడ వజ్రాల గనులు ఉన్నాయని ఇంకా తేలలేదు. స్వాతంత్ర్యం 1966. ఒరాపా దగ్గర వజ్రాల గని బయటపడింది 1967లో. తవ్వడం 1971లో మొదలైంది, జ్వానెంగ్ గని 1982లో.

ఇది తెలిశాక ఆ ముద్రని మళ్ళీ చూడండి. ఎద్దు తల, జొన్న కంకి, దంతం, ఈ మూడూ అప్పటికి వాళ్ళ దగ్గర నిజంగా ఉన్నవి. పశువులు, తిండి, పాత వ్యాపారం. పళ్ళ చక్రాలు మూడు ఉన్నాయే, అవి పరిశ్రమలకి గుర్తు. 1966లో ఆ దేశంలో పరిశ్రమ అని చెప్పుకోవడానికి లొబాట్సెలో పశువుల్ని కోసి మాంసం ఎగుమతి చేసే పెద్ద కబేళా ఒకటి ఉంది. తారు రోడ్డు దేశం మొత్తానికి 12 కి.మీ. అంటారు. దాదాపు 5.8 లక్షల చదరపు కి.మీ. దేశానికి, అంటే మన రెండు రాష్ట్రాలూ కలిపి రెట్టింపు చేసినా ఇంకా మిగిలేంత నేలకి, 12 కిలోమీటర్లు! అంటే చక్రాలు ఉన్నవి కావు, రావాలని కోరుకున్నవి. అలలు నీళ్ళు, అవీ కోరికే. కింద వాన, అది అన్నిటికంటే పెద్ద కోరిక. ఉన్నవి మూడు, లేనివి మూడు గీశారు. ఆ తర్వాత ఏడాదికి, అసలు ఎవరూ గీయనిది భూమిలోంచి వచ్చింది.

క్విజ్_మాస్టారు
ఇది నేను ముప్పై ఏళ్ళ క్విజ్‌లో ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. నాకు జవాబులు తెలుసు గానీ, 66కీ 67కీ మధ్య ఉన్న ఆ ఒక్క ఏడాదిని ఎప్పుడూ పట్టుకోలేదు.

తిక్కశంకరయ్య
మరి తర్వాతైనా వజ్రం పెట్టుకోవచ్చుగా? మనవాళ్ళయితే ప్రభుత్వం మారిన మర్నాడే లోగో మార్చేస్తారు.

గబరోనె_బావ
పెట్టలేదు, అడిగినట్టు కూడా నేను వినలేదు. ఒకసారి మా బాస్‌ని ఇదే అడిగాను, ఆయన ఇక్కడి మనిషి. "వజ్రం అయిపోతుంది, ఎద్దు ఈనుతుంది" అన్నాడు. ఎద్దు ఎలా ఈనుతుంది సార్ అంటే నవ్వాడు. కానీ ఆయన మాట తీసెయ్యలేం. ల్యాబ్‌లో చేసిన వజ్రాలు వచ్చాక ఇక్కడ అమ్మకాలు పడిపోయి గవర్నమెంటు ఖర్చులు బిగించింది, ఆ టెన్షన్ మా జీతాల దాకా వచ్చింది. మా బాస్‌కి వందకి పైగా పశువులున్నాయి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆయన ఆఫీసులో ఉండడు, మొరాకా అంటే పశువుల కొట్టం, ఊరికి దూరంగా ఉంటుంది, అక్కడికి వెళ్ళిపోతాడు. సోమవారం బూట్లకి పేడ అంటుకుని వస్తాడు.

జోబర్గ్_అక్క
దంతం సంగతి ఎవరూ మాట్లాడరేం? ఈ రోజుల్లో ఏనుగు దంతాన్ని రాజముద్ర మీద ఉంచుకోవడం నాకైతే బాగా అనిపించదు. 1989లో దేశాల మధ్య దంతాల వ్యాపారాన్నే నిషేధించారు. పిల్లలకి ఏనుగుల్ని కాపాడండి అని చెప్తూ చేతిలో దంతం పట్టుకోవడమేంటి.

గబరోనె_బావ
అక్కా, గౌరవంగానే ఒప్పుకోను. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ ఏనుగులు ఉన్న దేశం ఇదే, లక్షా ముప్పై వేల దాకా. కాపాడకపోతే అన్ని మిగిలేవా? ఉత్తరాన పల్లెల్లో జొన్న చేలు తొక్కి పోతాయి, మనుషులు చచ్చిపోతారు. 2014లో వేట ఆపారు, 2019లో మళ్ళీ అనుమతించారు. జర్మనీ వాళ్ళు వేట ట్రోఫీల మీద ఆంక్షలంటే అప్పటి ప్రెసిడెంట్ మసీసి 2024లో "మీకు ఇరవై వేల ఏనుగులు పంపిస్తాను, వాటితో కలిసి బతికి చూపించండి" అన్నాడు. ముద్ర మీద జొన్న ఒక వైపు, దంతం ఒక వైపు. ఆ రెండింటికీ ఇప్పటికీ పొలంలో గొడవే.

జోబర్గ్_అక్క
గొడవ ఏనుగుకీ జొన్నకీ అయితే ఏనుగునే పెట్టొచ్చుగా, దంతం ఎందుకు? చచ్చిన ఏనుగుదే కదా దంతం. నా మాట మీద నేనుంటా 🙂 మిగతాదంతా నచ్చింది.

పిట్టలదొర
ఆలస్యంగా వచ్చాను గానీ మాస్టారి మొదటి పోస్టు చూసి ఆగలేకపోతున్నా. మాస్టారూ, బోట్స్వానా జాతీయ పక్షి రోలర్ కాదు. ఇంటర్నెట్‌లో సగం చోట్ల అలాగే రాస్తారు, ఫొటోకి అందంగా ఉంటుందని. అధికారిక పక్షి ఖోరి, అంటే కోరి బస్టర్డ్.

క్విజ్_మాస్టారు
దొరా, ఆధారం లేకుండా చెప్పను నేను. నా క్విజ్ పుస్తకాల్లో రోలరే ఉంది.

గబరోనె_బావ
మాస్టారూ, దొర గారిదే కరెక్ట్. ఇక్కడ పిల్లల స్కూల్లో ఖోరి అనే చెప్తారు. పూర్వం దాని మాంసం రాజుకే దక్కేదట, మామూలువాడు తినకూడదు.

క్విజ్_మాస్టారు
సరే, దిద్దుకుంటున్నాను. ఈ ఒక్క ప్రశ్నకి ఎంతమంది పిల్లలకి మార్కులు తీసేశానో తలుచుకుంటే బాధగా ఉంది. ఒకడైతే బస్టర్డ్ అనే రాశాడు, బాగా గుర్తుంది, తిట్టాను కూడా.

పిట్టలదొర
ఆ పిల్లాడికి ఫోన్ చేసి సారీ చెప్పండి మాస్టారూ 😀

ఇప్పుడు అసలు సంగతి. నాది కర్నూలు. కోరి బస్టర్డ్‌కి మన బట్టమేక పక్షి స్వయానా అన్నదమ్ముల వరస, ఇద్దరిదీ ఒకే ప్రజాతి. ఎగిరే పక్షుల్లో ఇంత బరువైనవి చాలా తక్కువ, మగ ఖోరి పద్దెనిమిది కిలోల దాకా తూగుతుంది. పరిగెత్తి పరిగెత్తి గత్యంతరం లేక లేచినట్టు లేస్తుంది. మన దగ్గర రోళ్ళపాడులో బట్టమేక కోసమే 1988లో అభయారణ్యం ప్రకటించారు. చిన్నప్పుడు మా నాన్న సైకిల్ మీద తీసుకెళ్ళి చూపించాడు. జొన్న చేలో మెడ నిటారుగా పెట్టి నిలబడితే ఎవరో మనిషి అనుకున్నా. ఈ మధ్య ఎన్నిసార్లు వెళ్ళినా కృష్ణజింకలే తప్ప అది కనపడదు. దేశం మొత్తం మీద నూటయాభై మించి లేవంటున్నారు, అవీ చాలావరకు రాజస్థాన్‌లోనే. మన జాతీయ పక్షిగా బట్టమేకని పెట్టమని పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారు అడిగారు. 1963లో నెమలి గెలిచింది. వాళ్ళు ఖోరిని ఎంచుకున్నారు, మనం వదిలేశాం.

అనంత_సీమ
నెమలి మీద కోపం లేదు గానీ, పెట్టి ఉంటే కనీసం పేరైనా పిల్లలకి తెలిసేది. మా వైపు బట్టమేక అంటే మేక అనుకుంటున్నారు.

తిక్కశంకరయ్య
పాలపిట్టని ఏమీ అనకండి, తెలంగాణ వాళ్ళం ఉన్నాం ఇక్కడ. ఆంధ్రా వాళ్ళు 2018లో దాన్ని వదిలేసి రామచిలకని పెట్టుకున్నారు, మేం వదల్లేదు. దసరా నాడు చూడాలిగా.

బడి_పంతులమ్మ
జాతీయ గీతం గురించి కూడా చెప్పండి, పిల్లలకి బోర్డు తయారుచేస్తున్నా.

గబరోనె_బావ
'ఫట్షె లెనో లా రొనా', అంటే 'మన ఈ నేల'. దేవుడిచ్చిన కానుక, తాతల నాటి ఆస్తి అని సాగుతుంది. రాసింది, బాణీ కట్టింది ఖలెమాంగ్ మొట్సెటె. ఇరవై పూలా నోటు మీద ఉండేది ఆయన బొమ్మే. ఆయన ప్రతిపక్షం మనిషి! 1960లో పెట్టిన బెచువానాలాండ్ పీపుల్స్ పార్టీకి అధ్యక్షుడు. 1965 ఎన్నికల్లో ఖామా పార్టీకి 31లో 28 సీట్లు వచ్చాయి. అయినా పాట మాత్రం ఆయనదే తీసుకున్నారు. శంకరయ్య గారూ, మన దగ్గర ఇది ఊహించండి.

పల్లవిలో మగవాళ్ళని లేవండి అని, ఆడవాళ్ళని 'ఎమాంగ్ బసాడి', నిలబడండి అని పిలుపు ఉంటుంది. 1986లో ఇక్కడి ఆడవాళ్ళు హక్కుల కోసం సంఘం పెట్టుకుని ఆ రెండు మాటలే పేరుగా పెట్టుకున్నారు. పరాయి దేశస్థుణ్ణి చేసుకున్న ఆడదాని పిల్లలకి పౌరసత్వం ఇవ్వని చట్టం ఉండేది. యూనిటీ డౌ అనే లాయరు సొంత పిల్లల కోసం గవర్నమెంటు మీద కేసు వేసి 1992లో అప్పీలు కోర్టులో కూడా గెలిచింది.

పాత నాణేల మీద ఇంకో మాట ఉంటుంది, ఇపెలెహెంగ్ అని. నా దగ్గర 1976 నాటి థెబె బిళ్ళ ఉంది, గోరంత. దాని అంచున ఉంది. స్వావలంబన అని పుస్తకాల్లో రాస్తారు. కానీ ఇక్కడ తల్లులు పసిపిల్లని దుప్పటితో వీపుకి కట్టుకుని మోస్తారు చూడండి, ఆ మోయడం నుంచి వచ్చింది ఆ మాట. 'మిమ్మల్ని మీరే వీపున మోసుకోండి' అన్నట్టు. ఇప్పుడు ఆ పేరుతోనే ప్రభుత్వ పని పథకం ఉంది, మన ఉపాధి హామీ లాగా. పొద్దున్నే ఆరెంజ్ కోట్లు వేసుకుని రోడ్ల పక్కన గడ్డి కోస్తుంటారు.

జెండా_పిచ్చోడు
2024 పారిస్ ఒలింపిక్స్‌లో లెట్సిలె టెబోగో 200 మీటర్లు 19.46 సెకన్లలో పరిగెత్తి ఆ దేశానికి మొట్టమొదటి బంగారు పతకం తెచ్చినప్పుడు ఆ నీలం జెండా మొదటిసారి అందరికంటే పైకి వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం నుంచి దేశమంతా సెలవు ఇచ్చారు. బావా, నీకూ ఇచ్చారా?

గబరోనె_బావ
ఇచ్చారు, కానీ మా క్లయింటు ఇవ్వలేదు. రోడ్డు మీద హారన్ల మోత, నేను లోపల జీఎస్టీ లాంటి వాళ్ళ వ్యాట్ రిటర్న్ చూసుకుంటున్నా.

చిల్లర_డబ్బా
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పాప నోటు పుస్తకంలో ముద్ర గీసింది, జీబ్రాకి ఎర్ర బొట్టు కూడా పెట్టింది. కానీ నేను అడిగిన మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆ పురుగు ఏంటి?

గబరోనె_బావ
అయ్యో, అదే మర్చిపోయాను. అది ఫానె. మొపానే చెట్టు ఆకు తిని బతికే గొంగళి పురుగు, పెద్దయ్యాక పెద్ద కళ్ళ మచ్చలున్న చిమ్మట అవుతుంది. ఆ చెట్టు ఆకు రెండు రెక్కలుగా, మన దేవకాంచనం ఆకులా ఉంటుంది, నాణెం మీద కొమ్మ అదే. వానలు పడ్డాక ఈశాన్యం వైపు చెట్ల నిండా వస్తాయి. ఆడవాళ్ళు బకెట్లతో వెళ్ళి ఏరుతారు. ఒక్కోదాన్ని వేళ్ళతో పట్టి తోక వైపు నుంచి పిండితే లోపలి పచ్చటి గుజ్జు చిమ్ముతుంది. అది పోయాక ఉప్పునీళ్ళలో ఉడకబెట్టి ఎండలో ఆరబెడతారు. గోనె సంచుల్లో వేసి గబరోనె బస్టాండ్ దగ్గర కప్పు లెక్కన అమ్ముతారు. పొలం లేనివాళ్ళకి ఏడాదిలో చేతికొచ్చే కాస్త డబ్బు అదే. అందుకే డబ్బు మీద దాని బొమ్మ.

తిక్కశంకరయ్య
నువ్వు తిన్నావా?

గబరోనె_బావ
ఆ ప్రశ్న రాకూడదనే ఇంతసేపు మిగతావన్నీ రాశాను.

చిల్లర_డబ్బా
పాప కూడా అదే అడుగుతోంది బావగారూ, తప్పించుకోలేరు.

గబరోనె_బావ
తిన్నాను. మా బాస్ వాళ్ళ ఊళ్ళో, ఉల్లిపాయ టమాటా వేసి వండారు. కాదంటే బాగోదని కళ్ళు మూసుకుని ఒకటి. వాసన మన ఎండు రొయ్యల దారిలోనే ఉంటుంది, నమిలితే మధ్యలో ఎండిన టీ ఆకు తగిలినట్టు. రెండోది కళ్ళు తెరిచే తిన్నాను. ఈ సంగతి తెనాలిలో మా అమ్మకి ఇంకా తెలియదు, మీలో ఎవరైనా తెనాలి వాళ్ళుంటే దయచేసి ఇక్కడితో ఆపెయ్యండి.